పాత పూల్ టేబుల్: కనబడే చెక్క, కనబడని చెక్క

పాత పూల్ టేబుల్ (క్యూ అనే కర్రతో బంతులను కొట్టి, అంచుల్లోని గుంటల్లో వేసే ఆటది) చేతికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట చేయించే పని పాలిష్. టేబుల్ చుట్టూ అంచులా ఉండే రెయిళ్ల మీద గీతలు, గ్లాసులు పెట్టిన చోట తెల్లటి వలయాలు, కాళ్ల దగ్గర లేచిపోయిన వెనీర్ (పైన అంటించిన పలచటి కర్ర పొర), కంటికి కనబడేవి ఇవే కాబట్టి చెయ్యి ముందు అక్కడికే పోతుంది. నెల తిరక్కుండా టేబుల్ తళతళలాడుతుంది. బంతి మాత్రం ఎప్పటిలాగే ఒక మూలకు జారుతూ ఉంటుంది. ఒక పక్క కుషన్‌కు, అంటే రెయిల్ లోపలి రబ్బరు అంచుకు, తగిలితే తిరిగి రావడానికి బద్ధకిస్తుంది. సరే అని కొత్త గుడ్డ వేయిస్తారు. ఆ తర్వాత రబ్బరు మార్పిస్తారు. ఇంత ఖర్చూ అయ్యాక బయటపడేది ఏమిటంటే, రెయిల్ లోపల ఎవరూ చూడని ఒక మామూలు కర్రలో బోల్టు పట్టు వదిలేసిందని.

పూల్ టేబుల్‌లో చెక్క రెండు ఉద్యోగాలు చేస్తుంది. కొంత చెక్క కనబడటానికి ఉంటుంది, కొంత మోయడానికీ పట్టి ఉంచడానికీ ఉంటుంది. ఆట బాగోగులు దాదాపు పూర్తిగా రెండో రకం చేతిలో ఉన్నాయి. చిక్కేమిటంటే ఈ రెంటికీ మరమ్మతు పద్ధతులు ఎదురెదురు. కనబడే చెక్కకు ఎంత తక్కువ చేస్తే అంత మేలు. కనబడని చెక్క దగ్గర కొలత కుదిరేదాకా వదలకూడదు. జనం సరిగ్గా తిరగేసి చేస్తారు: పైన ఉప్పుకాగితంతో అరగదీస్తారు, లోపల రెండు మేకులు కొట్టి సరిపెడతారు.

ఏ చెక్క ఎక్కడుంది

ఆట నడిచేది రాయి మీద. 1826లో లండన్‌లో జాన్ థర్‌స్టన్ స్లేట్ పలకలు వాడటం మొదలుపెట్టేదాకా ఆట తలం కూడా చెక్కతోనే చేసేవారు, అది కాలం మారినప్పుడల్లా వంగేది. స్లేట్ వచ్చాక ఆ బాధ తీరింది, కానీ ఆ రాయిని మోసే భారం చెక్క నెత్తిన పడింది. తొమ్మిది అడుగుల టేబుల్‌కు అంగుళం మందం స్లేట్ వేస్తే రాయి ఒక్కటే దాదాపు 250 కిలోలు తూగుతుంది. మామూలుగా అది మూడు ముక్కలుగా ఉంటుంది.

రాయికి అడుగున, అంచుల వెంట చెక్క పట్టీలు అంటించి ఉంటాయి. గుడ్డను సాగదీసి పిన్నులు కొట్టేది వీటికే. పట్టీల కింద ఫ్రేము, అంటే పొడుగు దూలాలు, అడ్డ దూలాలు. ఆ కింద కాళ్లు.

రాయి పైన చుట్టూ ఉండేవి రెయిళ్లు. రెయిల్ చూడటానికి ఒకే కర్రలా కనిపిస్తుంది, కానీ అందులో రెండున్నాయి. చెయ్యి ఆనించే పై భాగం గట్టి కర్ర: మహాగనీ, వాల్‌నట్, ఓక్, మేపుల్, ఖరీదైన పాత టేబుళ్లలో రోజ్‌వుడ్ వెనీర్. దానికి లోపలివైపు, రబ్బరు అంటించిన భాగాన్ని సబ్‌రెయిల్ అంటారు. ఇది పాప్లర్ లాంటి కాస్త మెత్తటి కర్ర. పిన్ను సులువుగా దిగాలి, దిగాక ఊడకూడదు, అందుకే ఆ ఎంపిక. ఈ రెండు కర్రల సరిహద్దు దగ్గర పై నుంచి ఒక సన్నటి గాడి ఉంటుంది. గుడ్డ అంచును ఆ గాడిలోకి తోసి, ఫెదర్ స్ట్రిప్ అనే పలచటి చెక్క బద్దను దిగగొట్టి బిగిస్తారు. రెయిళ్ల బయటి వైపున బోల్టులను కప్పే పలకలుంటాయి. అవి దాదాపు అలంకారమే. టేబుల్ జరపాల్సి వచ్చినప్పుడు నలుగురూ పట్టుకునేది మాత్రం వాటినే, విరిగేవీ అవే.

తప్పు రబ్బరుదా, చెక్కదా

కుషన్ చచ్చిందంటే అందరూ రబ్బరును అనుమానిస్తారు. అనుమానం అన్యాయమేమీ కాదు, ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది. అయితే రబ్బరు ముసలిదైతే రెయిల్ పొడవునా ఇంచుమించు ఒకేలా ముసలిదవుతుంది. ఒకచోట బంతి చక్కగా తిరిగొచ్చి, జానెడు పక్కన చతికిలబడుతోందంటే దృష్టి చెక్క మీదికి మళ్లాలి.

దీనికి పరికరాలేమీ అక్కర్లేదు. ఒక అరచెయ్యి రెయిల్ మీద ఆనించి, రెండో చేత్తో బంతిని అదే రెయిల్‌కు గట్టిగా దొర్లించండి. కొద్దికొద్దిగా జరుగుతూ రెయిల్ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోండి. బిగువుగా ఉన్న చోట పొడిగా ‘టక్’మంటుంది, అరచేతికి ఏమీ తెలియదు. వదులైన చోట ‘దబ్’మని మెత్తటి చప్పుడుతో పాటు చేతికి చిన్న అదురు తగులుతుంది. ఆ అదురు బంతి పోగొట్టుకున్న వేగమే. తిరిగి బంతికి దక్కాల్సింది రెయిల్‌ను కదిలించడానికి ఖర్చైపోయింది.

అదురు బోల్టు ఉన్నచోట వస్తే ముందు బోల్టు బిగించి చూడండి. బిగుసుకుని చప్పుడు మారితే పని అయిపోయింది. ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటే లోపల చెక్క మర పోయిందన్నమాట. రెండు బోల్టుల మధ్యలో అదురు వస్తే అతుకు విడింది. రబ్బరుకూ సబ్‌రెయిల్‌కూ మధ్య అయినా విడి ఉండాలి, సబ్‌రెయిల్‌కూ పై కర్రకూ మధ్య అయినా విడి ఉండాలి. మొదటిది గుడ్డ విప్పితే గాని తెలియదు. రెండోది కొన్నిసార్లు రెయిల్ చివర, పాకెట్ (బంతి పడే గుంట) పక్కన, వెంట్రుకవాసి నెర్రెగా పైకే కనబడుతుంది.

బంతి జారుడు సంగతి ఇంకా చిక్కుది, ఎందుకంటే నేల, కాళ్లు, ఫ్రేము, రాయి అన్నీ అనుమానితులే. ఇక్కడ పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: బంతి ఏడాది పొడవునా ఒకే వైపు జారుతోందా, కాలాన్ని బట్టి మారుతోందా? ఎప్పుడూ ఒకే వైపయితే నేలో, కాళ్ల ఎత్తో సరిచేస్తే చాలావరకు సర్దుకుంటుంది. తేమ రోజుల్లో ఒక తీరు, పొడి రోజుల్లో మరో తీరు అయితే ఫ్రేములో ఏదో చెక్క ఊపిరి పీల్చి వదులుతోంది. అది తేలకుండా కాళ్ల కింద ముక్కలు పెడుతూ పోతే ప్రతి కాలానికీ ఆ పనే మిగులుతుంది.

చెక్క ఎటు కదులుతుంది

ఎండిన చెక్క కూడా గాలిలో తేమను బట్టి నీటిని తీసుకుంటుంది, వదులుతుంది. గాలిలో తేమ 30 శాతం దగ్గర నిలకడగా ఉంటే చెక్కలో నీరు 6 శాతం దగ్గర స్థిరపడుతుంది. గాలి తేమ 50 శాతమైతే చెక్కలో సుమారు 9, 80 శాతమైతే 16 దాకా పోతుంది. ఆ నీటితో పాటు చెక్క ఉబ్బుతుంది, తగ్గుతుంది. కాకపోతే అన్ని దిక్కులా ఒకేలా కాదు. నార పొడవునా మార్పు లెక్కలోకి రాదు. నారకు అడ్డంగానే కదలికంతా. అందులోనూ చెక్కలోని వార్షిక వలయాల వెంట ఉండే కదలిక, వలయాలకు అడ్డంగా ఉండేదానికి ఇంచుమించు రెట్టింపు.

లెక్క వేస్తే తెలుస్తుంది. 125 మిల్లీమీటర్ల వెడల్పున్న మేపుల్ రెయిల్‌లో నీరు 8 శాతం నుంచి 12కి పెరిగితే, కోతను బట్టి వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా పెరగొచ్చు. అదే మహాగనీ అయితే అంతకన్నా బాగా తక్కువ. పాత తయారీదారులు మహాగనీ వైపు మొగ్గడానికి అందం ఒక్కటే కారణం కాదని ఇక్కడ అర్థమవుతుంది. పొడవు మాత్రం ఏ కర్రదైనా ఉన్నంతే ఉంటుంది.

మరమ్మతులో సగం పొరపాట్లకు మూలం ఇదే. కొత్త ముక్క అతికేటప్పుడు నార దిశ పాతదానితో కలవాలి. అడ్డ నార ముక్కను నిలువు నార కర్రలో బిగించి జిగురు పోస్తే, ఒకటి కదులుతుంది, రెండోది కదలదు. ఒక తేమ కాలం, ఒక పొడి కాలం గడిచేసరికి అతుకు విడుతుంది, లేదా పక్క కర్రే పగులుతుంది. అలాగే పొడి రోజుల్లో కనబడిన సన్న నెర్రెలో వెంటనే లప్పం కూరడం కూడా మంచిది కాదు. తేమ తిరిగొచ్చాక ఆ నెర్రె మూసుకోవాలని చూస్తుంది. మధ్యలో గట్టి లప్పం ఉంటే పగులు అక్కడితో ఆగకుండా ముందుకు పాకుతుంది.

టేబుల్ ఉన్న గదిలో తేమ 40 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే చాలా మరమ్మతులు అసలు పుట్టవు. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి గోడకు పెట్టుకోవడం నేనైతే పాలిష్ డబ్బా కన్నా ముందు చేసే పని.

సబ్‌రెయిల్: ఆట దాక్కున్న చోటు

చాలాసార్లు గుడ్డ మారిన టేబుల్‌లో సబ్‌రెయిల్ అడుగు భాగం చూడండి. గుడ్డ మార్చిన ప్రతిసారీ వరసగా పిన్నులు దిగాయి, మళ్లీ పీకారు. కొన్ని తలలు తెగి లోపలే ఉండిపోయాయి. ఆ అంచు జల్లెడ అయిపోయి ఉంటుంది. అందులో కొత్త పిన్ను కొడితే దిగుతుంది గాని పట్టుకోదు. గుడ్డ నెమ్మదిగా వదులై కుషన్ మీద ముడతలు తేలతాయి.

రంధ్రాలు మాత్రమే అయితే, విరిగిన పిన్నులన్నీ పీకి, పలచటి ఎపాక్సీ జిగురు ఇంకేలా పూసి ఆరనిస్తే చెక్క మళ్లీ గట్టిపడుతుంది. మరీ గట్టిపడేలా ముంచెత్తకూడదు, పిన్నే వంగిపోతుంది. అంచు పొడిపొడిగా రాలుతుంటే ఆ మేరకు గాడిలా తీసేసి, అదే జాతి కర్రతో, నార పొడవునా వచ్చేలా కొత్త బద్ద అతికించి, పాత మట్టానికి చిత్రిక పట్టాలి. పగుళ్లు బోల్టు రంధ్రాల దాకా పాకితే సబ్‌రెయిల్ మొత్తం మార్చడమే మర్యాద.

ఏది చేసినా, ఏదీ విప్పకముందే చేయాల్సింది ఒకటుంది. రెయిల్ చివర ఒక మందపాటి అట్ట పెట్టి, ఆ అడ్డకోత ఆకారాన్ని పెన్సిల్‌తో ఉన్నదున్నట్టు గీసి, కత్తిరించి దాచుకోవాలి. రబ్బరు అంటుకునే ముఖం నిట్టనిలువుగా ఉండదు, ఒక కోణంలో వాలి ఉంటుంది. ఆ వాలు మీదే రబ్బరు ముక్కు (బంతికి తగిలే కొస) ఎంత ఎత్తున నిలుస్తుందో ఆధారపడి ఉంది.

ఆ ఎత్తుకు నియమముంది. వరల్డ్ పూల్ బిలియర్డ్ అసోసియేషన్ నిర్దేశాల ప్రకారం కుషన్ ముక్కు బంతి వ్యాసంలో 62.5 నుంచి 64.5 శాతం ఎత్తులో ఉండాలి. పూల్ బంతి వ్యాసం 57.15 మి.మీ. అంటే ముక్కు ఎత్తు 35.7 నుంచి 36.9 మి.మీ. మధ్య. మొత్తం వెసులుబాటు ఒక మిల్లీమీటరు పైచిలుకు, అంతే. రబ్బరు వెనక ముఖం నుంచి ముక్కు దాకా 30 మి.మీ. అనుకుంటే, సబ్‌రెయిల్ వాలు రెండు డిగ్రీలు తప్పినా ముక్కు ఒక మిల్లీమీటరు పైకో కిందికో పోతుంది. పైకి పోతే బంతిని అదిమి వేగం చంపుతుంది, కిందికి పోతే గట్టి దెబ్బకు బంతి ఎగురుతుంది.

రెండు డిగ్రీలు తప్పడం చాలా సులువు. పాత రబ్బరు పీకాక సబ్‌రెయిల్ మీద ఎండిన జిగురు గడ్డలు మిగులుతాయి. వాటిని వదిలించడానికి చేతి సాండర్ పెట్టి రుద్దితే జిగురుతో పాటు మెత్తటి కర్ర కూడా పోతుంది, అది కూడా అంచుల దగ్గర ఎక్కువగా, మధ్యలో తక్కువగా. ముఖం గుండ్రమవుతుంది. కంటికి నున్నగా, బాగా చేసినట్టే ఉంటుంది! కొత్త రబ్బరు మాత్రం రెయిల్ పొడవునా ఒక్కోచోట ఒక్కో ఎత్తున కూర్చుంటుంది. జిగురును కాస్త వేడి చూపించి మెత్తబరచి, వెడల్పాటి గీకుడు రేకుతో చదునుగా తీయాలి. తర్వాత నిటారు పట్టీని ఆనించి, వెనక దీపం పెట్టి వెలుతురు ఎక్కడ దూరుతుందో చూడాలి. మొదట గీసుకున్న అట్టముక్కను రెయిల్‌కు ఆనించి వాలు సరిచూసుకోవాలి. ఈ పనికి నేనైతే విద్యుత్ పనిముట్టును గదిలోకే రానివ్వను.

ఇక బోల్టులు. రెయిళ్లను రాయికి బిగించేవి ఇవే. చాలా టేబుళ్లలో కింది నుంచి రాయి గుండా పైకి వచ్చి రెయిల్‌లోకి దిగుతాయి. బాగా పాత టేబుళ్లలో పక్క నుంచి స్లేట్ అంచులోకి పోయే రకమూ ఉంది. రెయిల్ లోపల లోహపు నట్ ప్లేటుంటే అదృష్టం, చెక్కలోకే మరలు దిగిన రకమైతే అవి ఎప్పుడో ఒకప్పుడు పోతాయి. మర పోయిన రంధ్రంలో గుండ్రటి చెక్క డోవెల్ కొట్టి మళ్లీ మర దించడం మామూలుగా చేసే వైద్యం. చిన్న స్క్రూకు అది నడుస్తుంది, రెయిల్ బోల్టుకు నడవదు. డోవెల్‌లో నార దాని పొడవునా ఉంటుంది. మర కూడా అదే దిశలో దిగుతుంది కాబట్టి నార పోగుల మధ్య దూరకుండా వాటిని అడ్డంగా కోసి ముక్కలు చేస్తుంది, పట్టు బాగా తగ్గిపోతుంది. నార అడ్డంగా ఉండేలా, రెయిల్ నారతో కలిసేలా కోసిన బిరడాను ఎపాక్సీతో దించి, ఆరాక అందులో ఇత్తడి లేదా ఉక్కు మర గొట్టం బిగిస్తే ఆ బోల్టు గురించి మళ్లీ ఆలోచించక్కర్లేదు.

బిగించేటప్పుడు ఒక్కో బోల్టును చివరిదాకా తిప్పేసి పక్కదానికి పోకూడదు. అన్నీ వేళ్లతో ఆనేదాకా తిప్పి, పాకెట్ల నోళ్లు కొలిచి, రెయిళ్లు వరసలో ఉన్నాయని చూసుకుని, ఆ తర్వాత మధ్య నుంచి చివరలకు కొంచెం కొంచెంగా. ఎక్కువ బిగిస్తే మంచిదనుకోవడం వట్టి భ్రమ. నట్ ప్లేటు మెత్తటి సబ్‌రెయిల్‌ను నలిపేసి కిందికి ఊడొస్తుంది.

ఫెదర్ స్ట్రిప్ గురించి రెండు మాటలు. పాత బద్దను జాగ్రత్తగా తీసి దాచుకుంటే మళ్లీ వాడొచ్చు, కానీ కొత్త గుడ్డ పాతదానికన్నా పలచనైతే అది వదులవుతుంది. అప్పుడు జిగురు పూయాలన్న ఆలోచన వస్తుంది. వద్దు. మళ్లీ గుడ్డ మార్చేటప్పుడు ఆ బద్దతో పాటు రెయిల్ అంచు కూడా ఊడుతుంది. కాస్త మందమైన బద్ద చేసుకోవడమే దారి. అది మరీ బిగువైనా గాడి పగులుతుంది, కాబట్టి బొటనవేలితో సగం దాకా దిగి, మిగతా సగానికి చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో తట్టాల్సి వచ్చేలా ఉంటే సరి.

రాయి కింద

పాత టేబుళ్లలో స్లేట్ అడుగున అంటించిన పట్టీలు అసలు చెక్కవైతే, వాటికొచ్చే జబ్బూ పిన్ను రంధ్రాలదే, వైద్యమూ అదే. నిర్దేశాల ప్రకారం ఆ పట్టీ కనీసం 19 మి.మీ. మందం ఉండాలి. చవక టేబుళ్లలో చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు వాడారు. నీళ్లు పడి ఒకసారి ఉబ్బిందంటే దానికి వైద్యం లేదు, పిన్నులు పట్టవు. గీకి తీసేసి అసలు చెక్క పట్టీ ఎపాక్సీతో అంటించడమే. రాయిని శుభ్రంగా, దుమ్ము లేకుండా తుడిచాకే జిగురు.

ఫ్రేము పని ఒక్కటే: వంగకుండా ఉండటం. నిర్దేశాలు ఎంత కఠినమంటే, టేబుల్ నడిమధ్య 90 కిలోల బరువు పెట్టినా తలం 0.76 మి.మీ.కన్నా ఎక్కువ కుంగకూడదు. ఆట తలం పొడవునా అర మిల్లీమీటరు, వెడల్పున పావు మిల్లీమీటరు మించి తేడా ఉండకూడదు. పలకల అతుకుల దగ్గర తేడా 0.13 మి.మీ. లోపే. మామూలు వడ్రంగి రసమట్టం ఇంత సన్న తేడా చూపించలేదు. యంత్రాలు నిలబెట్టేవాళ్లు వాడే సూక్ష్మ లెవెల్ కావాలి.

అతుకుల్లో పగులొచ్చిన దూలానికి పక్కనే ఇంకో కర్రను జిగురు, బోల్టులతో జోడించడం పాలిష్ పండితులకు నచ్చకపోవచ్చు, కానీ లోపల ఎవరు చూస్తారు? మోయడమే దాని పని. రాయికీ ఫ్రేముకూ మధ్య మట్టం సరిచేయడానికి సన్నటి చీలికలు పెడతారు. పేక ముక్కలు, అట్టలు పెట్టే అలవాటు చాలామందికి ఉంది. అవి కొన్నాళ్లకు నలుగుతాయి, తేమ పీలుస్తాయి. గట్టి కర్ర చీలికలో, లోహపు రేకులో నయం. రాయిని ఫ్రేముకు బిగించే స్క్రూలకు పక్కనే చీలిక ఉండాలి. లేకపోతే స్క్రూ బిగిస్తుంటే రాయి ఆ సందులోకి వంగుతుంది. అతుకులను చివరగా కరిగించిన తేనెమైనంతో నింపి, ఆరాక అంచు రేకుతో చదును చేస్తారు.

రాయి ముక్క ఒక్కోటి 80 కిలోల పైమాటే. దాన్ని ఒక చివర పట్టుకుని మెలితిప్పితే పగులుతుంది, కాలి మీద పడితే కాలూ పగులుతుంది. ఫ్రేము, పట్టీల పనికి రాయి ఎత్తాల్సి వస్తే అలవాటున్న మనుషులను పిలవడంలో నామోషీ లేదు.

కాళ్లకు వచ్చే జబ్బు చాలావరకు మనం తెచ్చిపెట్టేదే. రాయి పైన ఉండగానే టేబుల్‌ను నేల మీద తోస్తే ఆ బరువంతా కాలి కుసి (ఫ్రేములోకి దూరే కొస) మీద, బోల్టు మీద పక్కకు పడుతుంది. కుసి చుట్టూ చెక్క నలిగి కాలు ఊగుతుంది. పాత జిగురు పూర్తిగా గీకకుండా పైన కొత్తది పోస్తే ప్రయోజనం లేదు. జిగురు కొత్త చెక్కకు పట్టినట్టు పాత జిగురు పొరకు పట్టదు. దీనికి మినహాయింపు తోలు, ఎముకల నుంచి తీసిన పాతకాలపు జిగురు. వేడి, తేమ తగిలితే అది కరుగుతుంది, మళ్లీ అదే జిగురు పోస్తే పాతదానితో కలిసిపోతుంది. పాత టేబుల్ వెనీర్ లేచిన చోట కూడా ఇదే మంచిది. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె చూపిస్తే కొన్నిసార్లు పాత జిగురే మేల్కొని అంటుకుంటుంది. అయితే పై పూతకు వేడి, తడి పడవు, కాబట్టి ముందు ఓ మూల చూసుకోవాలి.

కనబడే చెక్క దగ్గర చెయ్యి వెనక్కి

పాత పూతను చూడగానే గీకేయాలనిపిస్తుంది. అది ఏ పూతో తెలియకుండా ముట్టుకోకూడదు. తెలుసుకోవడం తేలిక. కనబడని చోట దూదితో కాస్త స్పిరిట్ అద్దండి. అర నిమిషంలో జిగటగా కరిగితే అది లక్క పాలిష్. 1920లకు ముందు టేబుల్ అయితే అదే అయ్యే అవకాశం ఎక్కువ. స్పిరిట్‌కు లొంగక లాకర్ థిన్నర్‌కు కరిగితే నైట్రోసెల్యులోజ్ లాకర్, 1920ల నుంచి వ్యాపించింది. రెంటికీ లొంగకపోతే వార్నిష్ లేదా పాలీయురేథేన్.

లక్క పాలిష్ అయితే గీకక్కర్లేదు. స్పిరిట్‌లో కరిగిన కొత్త లక్క పాతదానితో కలిసిపోతుంది. గీతలు, చిన్న చిన్న పెళుసు పగుళ్లు అక్కడికక్కడే సర్దుకుంటాయి. గ్లాసు పెట్టిన తెల్లటి వలయం చాలాసార్లు పూతలో చిక్కిన తేమ మాత్రమే, చెక్కదాకా పోలేదు. నల్లటి మచ్చ వేరు. ఓక్, వాల్‌నట్ లాంటి కర్రల్లో ఉండే టానిన్ అనే పదార్థం ఇనుముతో, నీటితో కలిస్తే నల్లబడుతుంది, అందుకే స్క్రూల చుట్టూ ఎక్కువ కనబడుతుంది. అది రుద్దితే పోదు, ఆక్సాలిక్ ఆమ్లంతో పోతుంది. ఆమ్లం విషం, చేతికి తొడుగు తప్పనిసరి. రంగు వేసిన పాత టేబులైతే రంగులో సీసం ఉండొచ్చు, పొడి రాలేలా గీకకూడదు.

వెనీర్ ఉన్న రెయిల్ మీద ఉప్పుకాగితం పెట్టడం జూదం. కొత్త వెనీర్ల మందం చాలావాటిలో అర మిల్లీమీటరు దరిదాపుల్లోనే. పాతవి కాస్త మందమే, కానీ ఇదివరకే ఎవరో ఒకసారి అరగదీసి ఉంటారు. అడుగున చవక కర్ర బయటపడ్డాక వెనక్కి పోయే దారి లేదు. రెయిల్ మీద పొదిగిన ముత్యపుచిప్ప గుర్తులు వదులైతే తీసి, అడుగు శుభ్రం చేసి, తిరిగి అంటించాలి. రెయిల్‌తో పాటు వాటినీ అరగదీయడం చూశాను, ఆ తర్వాత అవి ఎప్పటికీ మెరవవు. ఆ గుర్తులు ఏనుగు దంతమో, వెనీర్ బ్రెజిల్ రోజ్‌వుడ్డో అయితే దేశం దాటించే ముందు సైటిస్ (అంతరించే జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నియమాలు చూసుకోవాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది.

రోజువారీ శత్రువు క్యూ చాక్, అంటే క్యూ కర్ర మొనకు రాసే సుద్ద. 1897లో విలియం స్పింక్స్, విలియం హాస్కిన్స్ పేటెంట్ తీసుకున్న నాటి నుంచి ఆ చాక్‌లో ముఖ్య పదార్థాలు సిలికా, అల్యూమినియం ఆక్సైడ్, అంటే ఉప్పుకాగితం మీద ఉండే గరుకు సామాను. రెయిల్ మీద పడిన చాక్ పొడిని తడిగుడ్డతో తుడిస్తే ఆ గరుకుతో పూతను రుద్దినట్టే, పైగా నీలి బురద చెక్క రంధ్రాల్లోకి పోతుంది. ముందు మెత్తటి బ్రష్షున్న వాక్యూమ్‌తో పీల్చాలి, ఆ తర్వాతే గుడ్డ.

సిలికాన్ ఉన్న స్ప్రే పాలిష్‌లను టేబుల్ దరిదాపుల్లోకి రానివ్వకండి. మెరుపు వస్తుంది, నిజమే. కానీ సిలికాన్ చెక్కలోకి దిగితే తర్వాత ఎప్పుడు పూత వేసినా చేపకళ్లలాంటి గుంటలు పడతాయి, తుంపర గుడ్డ మీద పడితే మరకలు పోవు. ఏడాదికి ఒకటి రెండుసార్లు గట్టి మైనం పలచగా రాసి తుడిస్తే సరిపోతుంది. అవిసె నూనె వాడేవాళ్లు ఒకటి మరవకూడదు: ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

కనబడే చెక్కనైనా, కనబడనిదాన్నైనా వదలనివి పురుగులు. ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు, కింద పౌడరంత మెత్తటి పొడి కనబడితే చెక్క పుచ్చుతోంది. ఈ పురుగులకు ఓక్, యాష్ లాంటి పెద్ద రంధ్రాల కర్రల బయటి లేత భాగం ఇష్టం. రంధ్రాలు పాతవా, కొత్తవా తేల్చుకోవాలి. పొడి తుడిచి, కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు చూడండి. మళ్లీ పొడి రాలితే లోపల ప్రాణముంది. బోరేట్ ద్రావణం పనిచేస్తుంది, కానీ పూత లేని పచ్చి చెక్కలోకే ఇంకుతుంది. కాబట్టి రెయిళ్లు విప్పినప్పుడు, అడుగు భాగాల మీద పూయడానికి అదే అదను. చెదలైతే టేబుల్‌తో ఆగదు, నేలను చూడాలి.

అంతా బిగించాక ఆ రోజే ఆట పెట్టుకోవచ్చు, పర్వాలేదు. కానీ కొత్త చీలికలు, కొత్త బిరడాలు, కొత్తగా అతికిన దూలాలు బరువు కింద కొంత సర్దుకుంటాయి. నెల పోయాక సూక్ష్మ లెవెల్ పెట్టి మళ్లీ చూసి, రెయిల్ బోల్టులన్నీ ఒక విడత తిప్పాలి. తేమ బాగా మారే కాలం దాటాక ఇంకోసారి.